పల్చగా పచ్చ

కొత్త బొమ్మలకి తలలు లేవని ముందు చూసింది బావమరిది.

లారీలోంచి దింపిన నమూనా బొమ్మల గోనెపట్టలు విప్పి, వాటిని గోడవారన నిలబెడుతున్నారు అతనూ, బావమరిదీ. బావమరిది ఒక గోనెపట్టలోకి చెయ్యి పెట్టి తడిమాడు. పక్కదానిలోకీ పెట్టి తడిమాడు.

"బావా, వీటికి మెడ దాకానే ఉంది. తలలు వేరే మూట కట్టారేమో చూడు."

తలలు ఏ మూటలోనూ లేవు. భుజాలూ నడుమూ కాళ్ళూ అన్నీ ఉన్నాయి. మెడ దగ్గర కత్తితో కోసినట్టు నున్నగా ఆగిపోయి, పైన చిన్న మూత బిగించి ఉంది. అతను ఆ మూత అంచు మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. ఎక్కడా గరుకు లేదు. ఎవరో శ్రద్ధగానే చేశారు.

బట్టల దుకాణాల కోసం ఫైబరు బొమ్మలు పోసే కార్ఖానా అది. అచ్చులోంచి తీసి, గీకి, రుద్ది, ఒంటిరంగు చిమ్మాక బొమ్మలు చివరి గదిలోకి వచ్చేవి. ఆ గదిలో పనిచేసేది ఇద్దరే. అతను కళ్ళు వేసేవాడు. చనిపోయిన తన భార్యకి తమ్ముడైన ఈ బావమరిది పెదాలూ బుగ్గలూ వేసేవాడు. అందుకని కార్ఖానాలో ఒకరి పేరు కళ్ళు, ఇంకొకరి పేరు పెదాలు. "కళ్ళకి టీ ఇచ్చారా?" "పెదాలింకా రాలేదు!" అని కేకలు వినిపిస్తుంటే కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు బిక్కమొహాలు వేసుకుని తిరిగేవారు.

మధ్యాహ్నం యజమాని వచ్చి, తలలేని బొమ్మల వరస ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దుకాణాలవాళ్ళు తలలు వద్దంటున్నారు. మొహం ఉంటే జనం మొహమే చూస్తున్నారట. చొక్కా చూడటం లేదట."

"మా ఇద్దరి పనీ మెడ పైనే కదండీ," అన్నాడు బావమరిది. నవ్వుతూనే అన్నాడు. యజమాని నవ్వలేదు.

"అదే చెబుతున్నా. ప్రార్థనా మందిరాలకీ ఆసుపత్రి హాళ్ళకీ పాతకాలం దేవుళ్ళ పటాలు కావాలంటున్నాడు ఒకాయన. అచ్చు వేసినవి కాదు, నూనె రంగులతో చేత్తో వేసినవి. బొమ్మలు నేర్పే మాస్టార్ని ఒకాయన్ని పిలిపిస్తున్నా. ఇద్దరూ నేర్చుకోండి. ఇద్దరూ ఒకే పటం వేయండి. మందిరాలవాళ్ళ పనికి నాకు ఒకరు చాలు."

యజమాని వెళ్ళాక బావమరిది ఒక బొమ్మ మెడ మీద బోర్లించిన టీ గ్లాసు పెట్టాడు. "చూడు బావా, నీకంటే అందంగా ఉన్నాడు," అన్నాడు. అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు కోసమే వాడు ఆ పని చేశాడని కూడా తెలిసింది.

అతను ఉండేది కార్ఖానా వెనక గదిలోనే. పని ఉన్నవాళ్ళకే ఆ గది. కిటికీ పక్క మేకుకి భార్య దువ్వెన సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. బావమరిది ఉండేది రైలు పట్టాలకి అవతల, ఇద్దరు పిల్లలతో, భార్యతో, వంటిల్లూ పడగ్గదీ ఒకటే అయిన ఇంట్లో. ఎవరికి ఆ పని ఎక్కువ అవసరమో తూకం వేయడానికి ఆ రాత్రి అతను ప్రయత్నించాడు. తూకం ఎటూ ఒరగలేదు. వయసు మాత్రం అతని వైపు లేదు. ఈ వయసులో, కనురెప్పల వెంట్రుకలు గీయడం తప్ప ఇంకేమీ రాని మనిషిని తీసుకునేవాడు ఊళ్ళో ఎవడూ ఉండడు.

మాస్టారు ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాటకి ముందొకసారి దగ్గేవాడు. చంకలో గుండ్రంగా చుట్టిన కాగితం తెచ్చి బల్ల మీద విప్పి, నాలుగు మూలలా నాలుగు రంగు డబ్బాలు పెట్టాడు. చనిపోయిన కొడుకుని ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి. వందల ఏళ్ళ కిందట ఇటలీలో వేసిన పటానికి అచ్చుప్రతి.

"మరియమ్మ," అన్నాడు బావమరిది మెల్లిగా.

"ఆఁ. దీన్ని చూసి నకలు వేయడమే చదువు. నాలుగు వందల ఏళ్ళుగా కుర్రాళ్ళు ఇలాగే నేర్చుకున్నారు. సొంత తెలివి ఏమీ వద్దు. ఆయన ఎక్కడ చెయ్యి పెట్టాడో మీరూ అక్కడే పెట్టండి."

యజమాని మాట ప్రకారం గది మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టారు. ఒకరిది చూసి ఒకరు వేస్తే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో తెలియదని ఆయన అనుమానం. అటు బావమరిది, ఇటు అతను. పటం అచ్చు ఇద్దరికీ కనిపించేలా ఎదుటి గోడకి కొట్టారు. మొదట అచ్చు మీద గళ్ళు గీశారు. తర్వాత కాన్వాసు మీద పెద్ద గళ్ళు. ఒక్కో గడిలో ఏముందో ఆ గడిలోకే దించాలి. ఈ గడిలో మోకాలి మడత, ఆ గడిలో కొంగు అంచు. అలా చూస్తే అది తల్లీ కొడుకులు కాదు. వంకరగీతల మూట.

ఆ పద్ధతి అతనికి నచ్చింది. ఒక్కో గడిలో తలదాచుకోవచ్చు. మిగతా పటం వైపు చూడక్కర్లేదు.

కానీ తల్లి కుడిచెయ్యి రాలేదు. కొడుకు చంక కిందుగా పోయి, బరువు మోస్తూ, వేళ్ళు పక్కటెముకల మీద పరుచుకుని ఉంటాయి. వేళ్ళు నొక్కినచోట చర్మం కొద్దిగా పైకి ఉబ్బుతుంది. అతను ఎన్నిసార్లు గీసినా ఆ చెయ్యి కొడుకుని పట్టుకున్నట్టు లేదు, పక్కన ఎవరో మర్చిపోయి వెళ్ళిన చేతి తొడుగులా ఉంది. చెరిపి చెరిపి కాన్వాసు అక్కడ నల్లబడింది.

"ఎలా వస్తోంది బావా?" ప్లైవుడ్ అవతలి నుంచి.

"చెయ్యి రావడం లేదురా."

"నీది రావడం లేదా, ఆవిడది రావడం లేదా?"

"నీ మొహం. పని చూసుకో."

కాసేపాగి మళ్ళీ గొంతు వచ్చింది. "మా చిన్నది నిద్రపోతుంటే ఎత్తుకుని మంచం మీద వేస్తాను చూడు, అప్పుడు వేళ్ళు అలాగే పడతాయి. చెయ్యి ముందు వెయ్యకు. బరువు ముందు వెయ్యి. ఆ పిల్లాడి ఒళ్ళు కిందికి జారుతున్నట్టు వేస్తే చెయ్యి దానంతటదే వచ్చి పట్టుకుంటుంది."

అతను అలా వేసి చూశాడు. కొంచెం నయం. తన పటం బాగుపడాలని చెప్పిన మాట కాదది, తోచి చెప్పింది. వాడు అంతే. చిన్నప్పటి నుంచీ దగ్గరున్నది చేతిలో పెట్టేస్తాడు.

మర్నాడు మాస్టారు రెండు కాన్వాసులూ చూశాడు. అతని దాని ముందు తల పంకించి ముందుకి నడిచాడు. బావమరిది దాని ముందు ఆగి, దగ్గి, వంగి, ఆ కుడిచేతిని చాలాసేపు చూశాడు.

"ఇది పట్టింది," అన్నాడు. "ఈ చెయ్యి నిజంగా పట్టింది. ఎక్కడ నేర్చుకున్నావు?"

"పెదాలు వేసేవాణ్ణండీ," అన్నాడు బావమరిది.

అతను ప్లైవుడ్ ఇవతల నిలబడి కుంచె తుడుస్తున్నాడు. తుడిచిన కుంచెనే మళ్ళీ తుడిచాడు. ఎవరిని ఉంచుతారో ఆ రోజే తెలిసిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు తొందరలో ఉన్నాడు. మర్నాడు ఏదో పెళ్ళికి పోవాలి. ఫోను మోగుతూనే ఉంది. బల్ల మీద కొత్త రంగు గొట్టాలు పెట్టి, వాటి మూతలు బిగిస్తూ చెప్పాడు.

"ఒంటిరంగు నేరుగా వేయకూడదు. మొహాలకీ చేతులకీ ఆ ఏసు ఒంటికీ ముందు పల్చగా పచ్చ వేయండి. టర్పెంటైన్‌లో నీళ్ళలా కలిపి. అదే కింద ఉండి పని చేస్తుంది. పొద్దున్నకి ఆరిపోతుంది. దాని మీద ఒంటిరంగు పొరలు పొరలుగా మొదలుపెట్టండి. ఎల్లుండి వచ్చి చూస్తాను." ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "వస్తున్నా, వస్తున్నా" అంటూ వెళ్ళిపోయాడు.

గొట్టాల మీద పేర్లు ఏదో విదేశీ భాషలో ఉన్నాయి. కార్ఖానాలో పచ్చ అంటే పసుపురంగు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో గాని, పసుపు డబ్బా మీద పచ్చ అనీ, ఆకుపచ్చ డబ్బా మీద ఆకు అనీ రాసి ఉండేది. "పచ్చ అందుకో" అంటే పసుపు డబ్బా అందించేవారు. అందుకే అతను కూడా ముందు పసుపు గొట్టమే తీశాడు. చిటికెడు పళ్ళెంలోకి నొక్కాడు. టర్పెంటైన్ పోశాడు. కుంచె ముంచాడు.

కుంచె పెట్టబోయే ముందు అలవాటు కొద్దీ కళ్ళు చూశాడు. ఎన్ని వేల కళ్ళు వేసినా కొత్త కన్ను కనబడితే దగ్గరికి వెళ్ళి చూడాల్సిందే. అచ్చు దగ్గరికి నడిచి, తల్లి వాల్చిన రెప్ప కింద చూశాడు. అక్కడ, బుగ్గ మొదలయ్యే చోట, ఒంటిరంగు పల్చబడి అడుగున ఏదో కనిపిస్తోంది. చల్లగా, మసగ్గా. కొడుకు కణత దగ్గరా అదే. పెదవి చుట్టూ అదే. ఆకుపచ్చ. మట్టి కలిసిన ఆకుపచ్చ. ఆసుపత్రిలో ఆఖరి ఉదయం భార్య కణతల దగ్గర చూసిన రంగు అది. అప్పుడు దానికి పేరు పెట్టడం రాలేదు.

మాస్టారు అన్న పచ్చ ఇది.

పసుపు కలిపిన పళ్ళెం పక్కకి పెట్టి ఇంకో గొట్టం తీశాడు. మట్టిరంగు ఆకుపచ్చ. కలిపాడు. తల్లి మొహం మీద మొదటి చార పెడుతుండగా అవతల బావమరిది ఈల వేస్తున్నాడు. చెప్పడానికి లేచాడు. నిజంగానే లేచాడు. కుంచె చేతిలో పట్టుకునే ప్లైవుడ్ అంచు దాకా వెళ్ళి తొంగిచూశాడు.

బావమరిది కాన్వాసు మీద తల్లి మొహం, చేతులు, కొడుకు ఒళ్ళంతా పసుపు. పల్చగా, సమంగా, ఎక్కడా చార లేకుండా వేశాడు. సాయంకాలపు వెలుగులో ఇంకా తడిగా మెరుస్తోంది. చెయ్యి అద్భుతంగా ఉంది. పసుపులో కూడా ఆ చెయ్యి బరువు మోస్తోంది.

"చూడు బావా. ఎండలో కూర్చోబెట్టినట్టు లేదూ?"

నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఇది కాదురా, ఆకు. రెండు మాటలు. గుడ్డ తీసుకుని టర్పెంటైన్‌తో తుడిచేస్తే పోతుంది. ఇంకా తడే.

"బాగుంది," అన్నాడు అతను.

తిరిగి తన చోటికి వచ్చి కూర్చుని, కొడుకు కణతలకి ఆకుపచ్చ వేశాడు. చార చెదరలేదు. అది అతన్ని ఆశ్చర్యపరిచింది. రెప్పలు గీసేటప్పుడు ఉండే నిలకడే ఉంది.

మర్నాడంతా ఇద్దరూ ఒంటిరంగు వేశారు. తెలుపులో కొద్దిగా ఎరుపు, కొద్దిగా కావి. పల్చటి పొర వేసి, ఆగి, ఇంకో పొర. అతని కాన్వాసు మీద రంగు పడుతున్నకొద్దీ తల్లి మొహం అడుగున నీడలు వాటంతటవే మిగిలాయి. తాను వేయకుండానే వచ్చిన నీడలు. కొడుకు ఒళ్ళు చల్లబడింది. అవతల ఈల ఆగిపోయింది. మధ్యాహ్నం దాటాక బావమరిది అడిగాడు.

"బావా, నీకు నీడలు వస్తున్నాయా?"

"ఏదో వస్తున్నాయి."

"నాకు రావడం లేదు. ఎంత వేసినా జ్వరం మొహంలా ఉంటోంది."

"ఆరితే సర్దుకుంటుందిలే."

మూడోసారి కూడా చెప్పలేకపోయాక ఇక చెప్పడం కుదరదని అర్థమైంది. ఇప్పుడు చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతాడు.

ఆ మర్నాడు మాస్టారూ యజమానీ కలిసే వచ్చారు. వెనక రుద్దుడు పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు చోద్యం చూడటానికి గుమ్మంలో చేరారు. యజమాని ప్లైవుడ్ అడ్డం తీయించాడు. పక్కపక్కన పెట్టాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒక పటంలో కొడుకు చనిపోయాడు. ఇంకో పటంలో వాడికి సుస్తీ చేసింది.

"ఇదేంటయ్యా," అన్నాడు యజమాని. "ఏసుకి పచ్చకామెర్లా?"

గుమ్మంలో నవ్వులు. మాస్టారు దగ్గాడు.

"అడుగున ఏం వేశావు?"

"మీరు చెప్పిందేనండి. పచ్చ."

"నేను ఆకుపచ్చ అన్నాను."

"పచ్చ అన్నారండి." బావమరిది గొంతులో పోట్లాట లేదు. పక్క బల్ల మీంచి పసుపు డబ్బా తీసి, మీద రాసిన మాట చూపించాడు. "మాకు పచ్చ అంటే ఇదేనండి. ఆకుపచ్చ అనుంటే ఆకు వేసేవాణ్ణి కదా."

మాస్టారు డబ్బా వైపు చూశాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. పెద్ద కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినాయన. గుమ్మంలో దుమ్ము కొట్టుకున్న ముగ్గురు పనివాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

"ఆకుపచ్చ అనే అన్నాను," అన్నాడు మళ్ళీ.

యజమానికి ఇలాంటివి విసుగు. "ఇందులో తగువేముంది? మాట తేడా అయితే ఇంకో గుడ్డ ఇద్దాం, మళ్ళీ వేస్తాడు. గీత బాగుందని మీరే అన్నారుగా. చెప్పింది వినకుండా తోచింది వేస్తే మాత్రం నాకు పనికిరాడు. రేపు మందిరంవాళ్ళకి ఏమని చెప్పను?" అతని వైపు తిరిగాడు. "కళ్ళూ, నువ్వూ ఉన్నావు కదా. ఏమన్నారు మాస్టారు?"

మాస్టారు చూస్తున్నాడు. యజమాని చూస్తున్నాడు. బావమరిది చూడటం లేదు. వాడికి చూడాల్సిన అవసరం తోచలేదు. బావని అడిగారు కదా, ఇక అయిపోయినట్టే అన్న నిశ్చింతతో డబ్బా మూత బిగిస్తున్నాడు.

"ఆకుపచ్చ అన్నారండి," అన్నాడు అతను.

మూత బిగిస్తున్న చెయ్యి ఆగింది. బావమరిది తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో. ఎవరో తెలిసినవాళ్ళు వీధిలో పడిపోతే చూసే చూపు. పరిగెత్తి లేవదీయాలా, చూడనట్టు తల తిప్పుకోవాలా అని తేల్చుకోలేని చూపు.

"అయ్యుంటుందండి," అన్నాడు చివరికి. డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఈ మధ్య నాకు ఎడంచెవి సరిగా వినపడటం లేదు. ఆ చిమ్మే మిషను హోరుకి. ఆకు అన్నది పడలేదేమో."

మాస్టారు పెద్దగా ఊపిరి వదిలాడు. యజమాని, "మరి ముందే చెప్పొద్దా? వినపడకపోతే ఈ పనికి ఎలాగయ్యా," అన్నాడు, అంత కఠినంగా కాదు. గుమ్మంలోవాళ్ళు చెదిరిపోయారు. బావమరిది మేకుకున్న చొక్కా తీసుకుని, పాత చొక్కా సంచిలో కుక్కి, కుంచెలు కడిగి వరసగా ఆరబెట్టి మరీ వెళ్ళాడు. ఆ కుంచెలు కార్ఖానావి.

"వస్తా బావా," అన్నాడు గుమ్మం దగ్గర.

అతను తలూపాడు.

ఆ తర్వాత రోజుల్లో పని బాగానే సాగింది. అదే కష్టంగా ఉంది. బావమరిది కాన్వాసుని గోడ వైపు తిప్పి పెట్టారు. తల్లి చెయ్యి ఒక్కటే అతనికి ఇంకా రాలేదు. ఒకనాడు ఎవరూ లేనప్పుడు ఆ కాన్వాసు ఇటు తిప్పి, ఆ చెయ్యి చూసి, గడి గడిగా తన పటంలోకి దించుకున్నాడు. తర్వాత దాన్ని మళ్ళీ గోడ వైపు తిప్పాడు.

మాస్టారు ఆ చెయ్యి చూసి మెచ్చుకున్నాడు. వెళ్ళబోతూ సంచిలోంచి కాగితంలో చుట్టిన కుంచె తీశాడు. మంచి వెంట్రుక. ఏళ్ళుగా వాడినా మొన పోలేదు.

"ఇది నా దగ్గర చాలాకాలంగా ఉంది. ఉంచు."

"ఎందుకండీ?"

మాస్టారు గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. ఆ గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. "ఆ రోజు నేను పచ్చ అనే అన్నాను. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. అంతమందిలో నా పరువు కాపాడావు. నేను మర్చిపోను. మనిద్దరి మధ్యే ఉండనీ."

మనిద్దరి మధ్య. అతను కుంచె తీసుకున్నాడు. ఆయన చెయ్యి భుజం మీద పడి, రెండుసార్లు తట్టి, వెళ్ళిపోయింది. పెద్దమనిషి. ఎంత దయగా తట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం అతను రైలు పట్టాలు దాటాడు.

బావమరిది ఇంటి ముందు చిన్న అరుగు. పిల్లలిద్దరూ రేకు గరాటు ఒకటి పట్టుకుని ఆడుకుంటున్నారు. గరాటు సన్నటి కొస తండ్రి చెవికి పెట్టి, పెద్దది "నాన్నా!" అని అరుస్తోంది. చిన్నది పడీపడీ నవ్వుతోంది. బావమరిది అరుగు మీద కూర్చుని, "ఎవరో పిలిచినట్టుందే, పక్కింట్లోనా?" అంటున్నాడు. మెడ మీదా భుజాల మీదా చర్మం తెల్లగా పొట్టు లేస్తోంది. చేతులు చూశాడు అతను. వేళ్ళ సందుల్లో సిమెంటు.

"మామయ్యా!" అని పిల్లలు వచ్చి కాళ్ళకి చుట్టుకున్నారు.

బావమరిది భార్య లోపలి నుంచి వచ్చింది. "రండన్నయ్యా," అని మామూలుగా అని, పక్కనే ఉన్న భర్త వైపు తిరిగి పొలం గట్టున నిలబడి పిలిచినట్టు అరిచింది. "అన్నయ్య వచ్చారు!"

"కనబడుతున్నాడులే," అన్నాడు బావమరిది.

"చూశారా. మాటలు తక్కువ వినపడితే వేళాకోళాలు ఎక్కువైపోయాయి." పీట వేసింది. "చెవి డాక్టరుకి చూపించుకోమంటే వినడు. వినడం అంటే రెండు రకాలుగానూ వినడు. మీరైనా చెప్పండి. అంతకాలం పక్కనే కూర్చున్నారు, మీకు తెలియలేదా అన్నయ్యా? నాకే తెలియలేదు. తెలిసుంటే ముందే చూపించేదాన్ని, ఉద్యోగం నిలబడేది."

అతను పీట మీద కూర్చున్నాడు. పిల్ల గరాటు అతని చేతిలో పెట్టింది.

"రంగుల దుకాణంలో బోర్డులు రాసే పని ఉందంటే వెళ్ళాడు," అంది ఆవిడ ఇంకా పెద్దగా, భర్త కూడా వింటాడని. "చెవుడటగా, బోర్డు రాయించుకునేవాళ్ళ మాట సరిగా వినపడకపోతే బోర్డులో అక్షరం మారిపోతుంది అన్నారట. కార్ఖానాలోంచి ఎవరో చెప్పినట్టున్నారు. అందుకని సిమెంటు గోదాము. బస్తాలకి చెవులతో పనేముంది."

"బస్తాలు పిలవవు," అన్నాడు బావమరిది.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ గడప మీద కూర్చుంది. పిల్లలు అరుగు దిగి వీధిలోకి పోయారు. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. అది పోయాక అతను వంగి, బావమరిదికి మాత్రమే వినబడేలా మెల్లిగా అన్నాడు.

"ఆయన పచ్చ అనే అన్నాడురా."

బావమరిది వేళ్ళ సందుల్లో సిమెంటు గీక్కుంటున్నాడు. "నేనక్కడే ఉన్నాగా బావా," అన్నాడు అంతే మెల్లిగా.

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వక్కడ నిలబడి అబద్ధం చెబుతుంటే చూడలేకపోయాను. ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు. ఇంకోటి చెప్పాల్సి వచ్చేది. నీకు అలవాటు లేదు."

"ముందురోజే నాకు తెలుసు. నీ పసుపు చూసి బాగుందన్నాను."

ఇది వాడికి తెలియదు. చేతులు ఆగిపోయాయి. చాలాసేపు తన అరచేతుల వైపే చూసుకున్నాడు. మొహంలో ఏదో మెల్లగా మూసుకుపోయింది, దుకాణం తలుపులు ఒక్కో రెక్కా వేసినట్టు. అక్క పోయిన రోజు కూడా వాడి మొహం ఇలా కాలేదు.

"తప్పు నాది," అన్నాడు అతను.

బావమరిది ఎడంచెయ్యి ఎత్తి చెవి వెనక పెట్టుకున్నాడు. కొద్దిగా ముందుకి వంగాడు.

"ఏంటి బావా? వినపడలేదు."

ఆటలా లేదు. నవ్వు లేదు. ఆ చెయ్యి అక్కడే ఉంది. చెప్పిందేదో చెప్పావు, ఇక ఇంటికి వెళ్ళిపో అంటున్నాడా? చెప్పదలిస్తే ఇలా చెవిలో కాదు అంటున్నాడా? అతనికి తెలియలేదు. గడప మీద చేటలో బియ్యం కదులుతున్న చప్పుడు. ఇక్కడ లేచి, వస్తానమ్మా అని వెళ్ళిపోవచ్చు. ఆవిడ దారికి అడ్డం రాదు. వాడూ రాడు. గదిలో కొత్త కాన్వాసు బిగించి ఉంది.

"వాడి చెవికేం కాలేదమ్మా," అన్నాడు అతను.

అంత గొంతు తనకి ఉందని అతనికి తెలియదు. పక్కింటి గుమ్మంలో ఎవరో తల బయటపెట్టారు.

"మాస్టారు పచ్చ అనే అన్నాడు. వీడు సరిగానే విన్నాడు. నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పాను. ముందురోజు తడి ఆరకముందే చూశాను, చెప్పలేదు. చెప్పి ఉంటే తుడిచేసుకునేవాడు. పని వీడికే వచ్చేది. రేపు పొద్దున్నే ఓనరుకి చెబుతాను. ఆ రంగుల దుకాణానికీ వెళ్ళి చెబుతాను."

చేట కదలడం ఆగింది. ఆవిడ లేవలేదు, తిట్టలేదు. అతని మొహంలోకి చూసి, భర్త చెవి వెనకున్న చెయ్యి వైపు చూసింది. ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

చాలాసేపటికి ఆవిడ మళ్ళీ బియ్యంలోకి వంగింది. ఒక రాయి తీసి వీధిలోకి విసిరింది. తల ఎత్తకుండా, చిన్న గొంతుతో, ఇల్లు దాటి బయటికి వినపడనంత చిన్నగా అడిగింది.

"మంచినీళ్ళు తాగుతావా?"

బావమరిది అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. తిరగకుండానే జవాబిచ్చాడు.

"ఊఁ."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక్క గ్లాసే తెచ్చింది.